చూడకుండా కొట్టిన గంట

లాయరు గదిలో ఉన్నవి మూడు కుర్చీలు. వాటిలో ఒకదాన్ని కాగితాల కట్టలు ఆక్రమించుకున్నాయి. రెండోదానిలో డ్రైవరు, మూడోదానిలో కండక్టరు కూర్చోవడంతో లాయరు కిటికీకి వీపు ఆనించి నిలబడే మాట్లాడుతున్నాడు. మర్నాడు ఉదయం పదిన్నరకు కండక్టరు బోనెక్కి సాక్ష్యం చెప్పాలి. డ్రైవరు మీద మోపిన నేరం హత్యాయత్నం. అది రుజువైతే ఏడేళ్లకు తక్కువ కాకుండా శిక్ష పడుతుంది. అతనికి యాభై ఎనిమిది నిండాయి.

"మళ్లీ ఒకసారి మొదటినుంచీ అనుకుందాం," అన్నాడు లాయరు. "రాళ్లు పడుతున్నాయి. లోపల పద్నాలుగు మంది ఉన్నారు. ముందు అద్దం పగిలింది. అప్పుడు ఈయన మీతో ఏమన్నాడమ్మా?"

"ఏమీ అనలేదండీ," అంది కండక్టరు.

"ఏదో ఒకటి అనుంటాడు కదా. 'ఇక్కడే ఉంటే మనల్ని చంపేస్తారు' లాంటిది."

"అన్నయ్య సీట్లో కూర్చుంటే మాట్లాడడండీ. పదకొండేళ్లలో బండిలో నాతో అన్న మాటలన్నీ రాస్తే ఒక టికెట్టు వెనక పట్టేస్తాయి."

"టికెట్టు వెనక పట్టే మాటలతో నేను మనిషిని విడిపించలేనమ్మా," అన్నాడు లాయరు. అతనికి జలుబు చేసి ఉంది. ముక్కు తుడుచుకుని వేళ్లు మడుస్తూ చెప్పాడు. "చూడండి. బండి కదిలించాడు, మనిషి కాలు నలిగింది. అది కాదనలేం. మనకున్న దారి ఒక్కటే. పద్నాలుగు ప్రాణాలు పోతాయని ఈయన భయపడ్డాడు, వేరే గతి లేదని తేల్చుకున్నాడు, తేల్చుకునే కదిలించాడు. కోర్టు నమ్మాల్సింది ఆ భయాన్ని. అది ఈయన మొహంలో మీకు కనబడిందా లేదా?"

డ్రైవరు తన మోకాళ్ల వంక చూసుకుంటున్నాడు. డిపోలో అతన్ని అందరూ గడియారం అంటారు. బండి తీయవలసిన నిమిషానికి ముందూ తీయడు, తరవాతా తీయడు. భయాన్ని గాని, కోపాన్ని గాని, సంతోషాన్ని గాని ఆ మొహంలో వెతకడం గోడకు నాడి చూడడమే.

"ఆయన వీపే కనబడుతుందండీ నాకు," అంది కండక్టరు.

లాయరు పైకి చూశాడు.

మూడు నెలల క్రితం ఒక మధ్యాహ్నం ఫర్నిచర్ కర్మాగారం గేటుకు, దాన్ని మూసివేస్తున్నట్టు నోటీసు అంటించారు. నోటీసు చదివినవారు రోడ్డు మీద బైఠాయించారు. బైఠాయించినవారిని చూడడానికి ఇంకా జనం చేరారు. చూడడానికి వచ్చిన జనంలో కొందరికి గేటు మీద గాని నోటీసు మీద గాని ఏ కోపమూ లేదు. అయినా మొదటి రాయి వేసింది వారే. అదే సమయానికి వీళ్ల బస్సు గేటు ఎదుటి స్టాపులో చిక్కుకుంది. కర్మాగారంలో పనిచేసే ఒక వడ్రంగి డ్రైవరు కిటికీలోంచి చెయ్యి పెట్టి, "దిగవయ్యా, మా పొట్టలు కొడుతుంటే నీకు సవారీలు కావలసి వచ్చాయా?" అని కాలరు పట్టుకుని గుంజాడు. చొక్కా పై బొత్తాం ఊడింది. డ్రైవరు, "నీ అంతు చూస్తా," అన్నాడు.

ఆ మాట ఆరుగురు విన్నారు. కాలరు పట్టుకుంటే ఎవరైనా అనే మాటే అది. కాని పది నిమిషాల తరవాత ఆ వడ్రంగే ఆ బస్సు ముందు చక్రం కింద పడ్డాడు కనక, ఊరికే అన్న మాట ఉద్దేశమైంది. ఉద్దేశం ఉంది కనక, ప్రమాదం నేరమైంది.

ఆ పది నిమిషాల్లో ముందు అద్దం మీద రాయి పడి అది సాలెగూడులా బీటలు వారింది. దానిలోంచి వెలుతురు తప్ప మరేమీ కనబడదు. బైఠాయించినవారు రాళ్లకు జడిసి పక్కకు తొలగారు. దారి ఇచ్చినట్టవుతుందని వడ్రంగి ఒక చెక్కబల్లను ఈడ్చుకొచ్చి బస్సు ముందు అడ్డం వేయబోయాడు. దాని కాలు మురుగుకాలువ జాలీలో ఇరుక్కుంది. దాన్ని ఊడదీయడానికి అతను కిందికి వంగాడు. అద్దం బాగున్నా సరే, అంత కిందికి వంగినవాణ్ణి డ్రైవరు సీట్లోంచి చూడలేరు. ముందు తలుపు మెట్టు మీదికి వచ్చి తల బయటపెడితే మాత్రం కనబడతాడు.

అలా తల బయటపెట్టి చూడవలసింది కండక్టరు. నియమం స్పష్టంగా ఉంది: రెండు తలుపులూ, బండి ముందుభాగమూ చూసుకుని కండక్టరు తాడు లాగి రెండుసార్లు గంట కొట్టాలి, డ్రైవరు తనంతట తాను కూడా చూసుకుని అప్పుడు బండి తీయాలి. ఒకరు తప్పితే ఇంకొకరు పట్టుకోవాలన్నది దాని ఉద్దేశం. కాని మొదటి ఏడాది దాటేసరికి గడియారం ఈవిడ గంట మీద అనుమానపడడం మానేశాడు. ఆవిడ ఏనాడూ తప్పు గంట కొట్టలేదు. రెండు గంటలు మోగగానే అతని ఎడమ కాలు దానంతటదే క్లచ్ మీంచి లేచేది. "ఆయన కళ్లు ఆవిడ చేతిలో ఉన్నాయి," అని డిపోలో జోకు. పదేళ్లు ఒక్క గీత కూడా పడకుండా బండి నడిపినందుకు ఇద్దరి పేరా ఒకే ప్రశంసాపత్రం ఇచ్చి, అద్దం కట్టించి డిపో గోడకు తగిలించారు. తప్పుకు తలుపు తెరిచి పెట్టింది ఆ నమ్మకమేనని అప్పుడెవరికీ తట్టలేదు.

ఆ రోజు గంట కొట్టింది ఆవిడే. ఒకడు ఇనపకడ్డీతో వెనక తలుపును పెకలిస్తున్నాడు. తలుపు పక్క సీటు కింద ఒక నిండు గర్భిణి ముడుచుకుని ఉంది. కండక్టరు తాడు అందుకుని రెండుసార్లు లాగింది. బస్సు కదిలింది. ముందునుంచి ఒక కేక వినబడింది.

ఆ గంట సంగతి ఏ కాగితంలోనూ లేదు. ప్రయాణికులు సీట్ల కింద దూరి అరుస్తున్నారు. వారికి ఏమీ వినబడలేదు. వీధి కెమెరాలో బొమ్మ ఉంది, చప్పుడు లేదు. పోలీసులు అడిగినప్పుడు డ్రైవరు, "నేనే తీశాను," అని ఊరుకున్నాడు. కండక్టరును, "మీరెక్కడున్నారు?" అని అడిగితే, "వెనక తలుపు దగ్గర," అంది. అది నిజమే. అంతకుమించి వాళ్లు అడగలేదు, ఆమె చెప్పలేదు.

లాయరు గది మేడమెట్లు దిగుతూ ఆమె డ్రైవరును అడిగింది: "గంట సంగతి ఎందుకు దాస్తున్నావన్నయ్యా?"

"ఏ గంట?"

"అన్నయ్యా."

"చెవులు పాతబడ్డాయమ్మా. నాకేం వినబడలేదు."

"కొట్టినదాన్ని నేనిక్కడే ఉన్నాను."

డ్రైవరు మెట్టు మీద ఆగాడు. "కొడితే కొట్టావు. నాకింక పద్నాలుగు నెలల సర్వీసు. నీకు పదిహేడేళ్లు. ఇద్దరం మునగడం దేనికి? ఒడ్డునున్నదానివి ఒడ్డునే ఉండు."

"ఏడేళ్లన్నయ్యా. పద్నాలుగు నెలలు కాదు."

"లాయరున్నాడుగా," అని అతను దిగిపోయాడు. ఆ మూడు నెలల్లో అతను ఆమెతో మాట్లాడిన మాటలన్నింటికంటే అవే ఎక్కువ.

ఇంట్లో ఆమె భర్త కుట్టుమిషను ముందు కూర్చుని బడిపిల్లల నిక్కర్లకు నడుంపట్టీలు వేస్తున్నాడు. అతను దర్జీ, నోట్లో సూదులున్నా మాట్లాడగలడు.

"నోరు మూసుకుంటే మనిషి పోతాడు. తెరిస్తే ఉద్యోగం పోతుంది," అన్నాడు ఆమె చెప్పిందంతా విని. "ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ నుయ్యీ గొయ్యీ తవ్వినవాడు నీ కొలతలు తీసుకునే తవ్వినట్టున్నాడు."

"హాస్యమాడకండి."

"ఏడిస్తే నిక్కర్లు తడుస్తాయే." మిషను ఆపి, సూదులు తీసి దిండుకు గుచ్చాడు. "ఒక్క మాట చెప్పు. ఆ వేళ ముందుకెళ్లి చూసేంత వ్యవధి ఉందా?"

మూడు నెలలుగా ఆ ప్రశ్నను ఆమె తప్ప ఎవరూ వేయలేదు. జవాబు ఆమెకు కంఠతా వచ్చు. "తొమ్మిది అడుగులు. వెనక తలుపునుంచి ముందు తలుపుకు తొమ్మిది అడుగులు వేయాలి."

"ఉందా లేదా?"

"వెళ్లి చూసేదాన్నే. వచ్చేసరికి ఆ కడ్డీవాడు లోపలుండేవాడు."

"అయితే తెలిసే కొట్టావు."

"చూడలేదని తెలుసు. అన్నయ్య నా గంటను నమ్ముతాడనీ తెలుసు. అవతల మనిషున్నాడని తెలీదు."

దర్జీ గుడ్డను సరిచేసి మళ్లీ మిషను మీద పెట్టాడు. "ఉద్యోగం పోతే నువ్వూ కాజాలు కుడుదువుగానిలే," అన్నాడు. "నీ చేతికి అంత ఓర్పు లేదు గాని, నేర్పుతాను."

మర్నాడు కోర్టు వరండాలో ముందుగా ఎదురైంది డ్రైవరు భార్య. ఆవిడ కండక్టరు రెండు చేతులూ పట్టుకుంది.

"వదినా, లాయరు చెప్పమన్నట్టు చెప్పు. ఆయన భయపడ్డాడని చెప్పు. ఆ ఒక్క ముక్క చాలట."

"భయపడ్డాడా వదినా? ఇంటికొచ్చాక నీతోనన్నా అన్నాడా?"

ఆవిడ చేతులు వదిలేసింది. "అన్నం తిని చొక్కా విప్పిచ్చాడు, బొత్తాం కుట్టమని. అంతే."

వరండా చివర బల్ల మీద వడ్రంగి కూర్చుని ఉన్నాడు. కుడికాలు మోకాలినుంచి చీలమండ దాకా పట్టీలలో ఉంది. చంకకర్రలు పక్కన గోడకు ఆనించి ఉన్నాయి. క్రితం రోజే అతను ప్రాసిక్యూషను తరఫున సాక్ష్యం చెప్పాడు.

"ఏం కండక్టరమ్మా, ఇక్కడ కూడా టికెట్లు కొట్టడానికొచ్చారా?" అన్నాడు. "నాకు సగం టికెట్టు చాలు. ఒక కాలే పనిచేస్తోంది."

ఆమెకు నవ్వాలో వద్దో తెలియలేదు. "నొప్పి తగ్గిందా?"

"ఎక్కడికి పోతుందిలెండి. నాతోపాటే వచ్చి కూర్చుంది." అతను కాలు కొంచెం జరిపాడు. "మీవాడు లోపలికి పోయేదాకా నేను రోజూ వస్తాను. ఎలాగూ పనీ లేదు, కర్మాగారమూ లేదు."

లోపలినుంచి బంట్రోతు పిలిచాడు.

బోనులో నిలబడ్డాక ఆమెకు డ్రైవరు మొహం ఎదురుగా కనబడింది. పనిలో ఉండగా ఆ మొహాన్ని ఆమె ఎప్పుడూ ఎదురుగా చూడలేదు. డ్రైవరు తల అడ్డంగా, చాలా కొద్దిగా, ఊపాడు. ఎదురుగా ఉన్నవారికి తప్ప తెలియనంత కొద్దిగా.

లాయరు మొదటి ప్రశ్నలు అడిగాడు. బస్సు, స్టాపు, రాళ్లు, అద్దం. తరవాత గొంతు పెంచి, "బండి కదిలే ముందు ముద్దాయి స్థితి ఎలా ఉంది?" అన్నాడు.

"అన్నయ్య స్థితి నాకు తెలియదండీ," అంది ఆమె. "బండి ఎందుకు కదిలిందో తెలుసు. నేను గంట కొట్టాను."

లాయరు చేతిలో రుమాలు ముక్కు దగ్గరికి వెళుతూ మధ్యలోనే ఆగిపోయింది.

న్యాయమూర్తి కళ్లజోడు తీసింది. ఆవిడ వయసులో పెద్దది, గొంతు మెత్తన. "ఆగమ్మా. మీరిప్పుడు చెప్పబోయేది మీ మీదికే రావచ్చు. చెప్పనని అనే హక్కు మీకుంది. అర్థమైందా?"

"అర్థమైందండీ."

"మీ లాయరు ఎవరైనా ఉన్నారా?"

"లేరండీ. చెబుతాను."

చెప్పింది. ఇనపకడ్డీ, సీటు కింద గర్భిణి, చేతికందిన తాడు, తొమ్మిది అడుగులు. మొదటి ఏడాది దాటాక తన గంట మీద అన్నయ్య ఎన్నడూ పక్క అద్దం వంక తిరిగి చూడలేదన్నది కూడా చెప్పింది. అది చెబితే అతనికి మేలో కీడో ఆలోచించడానికి ఆగలేదు. ఆగితే ఏదో ఒకటి వదిలేస్తానని ఆమెకు తెలుసు.

ప్రభుత్వ న్యాయవాది లేచాడు. కుర్రతనం వదలని మనిషి, కాని తొందర లేదు.

"ముద్దాయిని అన్నయ్య అంటున్నారు. రక్తసంబంధమా?"

"కాదండీ. పనిలో అలవాటు."

"పదకొండేళ్ల అన్నయ్య జైలుకు పోతుంటే చూస్తూ ఊరుకోలేరు."

"ఊరుకోలేను."

"అందుకని మూడు నెలల్లో ఎక్కడా లేని గంటను ఈ పొద్దు మోగిస్తున్నారు. పోలీసులకు చెప్పలేదేం?"

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను."

"ఇప్పుడు పోదా?"

"పోతుందండీ."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు డ్రైవరు లేచి నిలబడ్డాడు. "అబద్ధమండీ! గంటా లేదు, గింటా లేదు. నేనే తీశాను. ఆ అమ్మాయికి పిచ్చి!"

"కూర్చోండి," అంది న్యాయమూర్తి.

"నాకు వినబడలేదండీ!"

ప్రభుత్వ న్యాయవాది చేతులు చాచాడు. అతనికి కావలసినది అడగకుండానే చేతికొచ్చింది. "ఈవిడ కాపాడదలచుకున్న ముద్దాయే గంట మోగలేదంటున్నాడు. నేనింక అడగవలసింది లేదు."

 కండక్టరు తనను తాను పణంగా పెట్టి తెచ్చిన నిజాన్ని, ఆమెను కాపాడబోయి డ్రైవరే అబద్ధం చేశాడు. బోను కొయ్యను గట్టిగా పట్టుకుంది. గంట మోగిందని చెప్పగలిగినవాళ్లెవరు? గంట పెట్టె డ్రైవరు నెత్తిన ఉంటుంది. కిటికీ తెరిచే ఉంది. ముందు అద్దం బీటలు వారి, ఒక మూల అరచేతి మేర ఊడిపడింది. లోపలివారు అరుస్తున్నా, ముందు నిలబడినవారికి —

"అమ్మా," అంది ఆమె న్యాయమూర్తితో, "దెబ్బ తగిలిన ఆయన్ని అడగండి. అన్నయ్య తరవాత గంటకు దగ్గర ఉన్నది ఆయనే."

ప్రభుత్వ న్యాయవాది అభ్యంతరం చెప్పాడు. డ్రైవరు తరఫు లాయరు కూడా నోరు తెరిచి, చెప్పవలసినది ఏమిటో తోచక మూసుకున్నాడు. వడ్రంగి తనకు శత్రువైన సాక్షి. ఏమంటాడో తెలియని సాక్షిని పిలవడం ఏ లాయరూ చేయడు. న్యాయమూర్తి ఎవరినీ సంప్రదించలేదు. "పిలవండి," అంది.

వడ్రంగి చంకకర్రల మీద వచ్చేసరికి కొంత సమయం పట్టింది. అంతసేపూ హాల్లో ఆ కర్రల టకటక వినబడింది. అతనికి కుర్చీ వేశారు.

"బస్సు కదిలే ముందు మీకు గంట వినబడిందా?" అని న్యాయమూర్తి అడిగింది.

అతను కండక్టరు వంక చూశాడు. తరవాత డ్రైవరు వంక. డ్రైవరును చూసినప్పుడు దవడ బిగిసింది. కాదంటే చాలు. తన కాలు నలిపినవాడు తన కళ్లముందే లోపలికి పోతాడు. కండక్టరు ఆ మొహం మీంచి కళ్లు తిప్పుకోలేకపోయింది.

"వినబడిందండీ," అన్నాడు. "రెండు."

"నిన్న చెప్పలేదే?"

"ఎవరడిగారండీ? కాలరు పట్టుకున్నావా అన్నారు, పట్టుకున్నానన్నాను. అంతు చూస్తానన్నాడా అన్నారు, అన్నాడన్నాను. గంట ఊసే రాలేదు."

"విని కూడా ఎందుకు తప్పుకోలేదు?"

"బల్ల కాలు ఇరుక్కుందండీ. అయినా..." అతను చంకకర్ర సర్దుకున్నాడు. "గంట కొడితే మాత్రం? చూడకుండా ఎవరు కొడతారు? చూడకుండా ఎవరు కదిలిస్తారు? ఎవరో ఒకళ్లు చూస్తార్లే అనుకున్నాను."

ఆ మాట ఇద్దరినీ ఒకేసారి తాకింది. డ్రైవరు మెల్లగా కూర్చున్నాడు. న్యాయమూర్తి అతన్ని పేరు పెట్టి పిలిచి, గంట వినబడిందా అని అడిగింది. అతను నేల చూస్తూ, "వినబడిందమ్మా," అన్నాడు. "విన్నాను. కాలు లేచిపోయింది. నేను కోపం గురించీ అనుకోలేదు, భయం గురించీ అనుకోలేదు. ఏమీ అనుకోలేదు."

మధ్యాహ్న విరామానికి ముందే న్యాయమూర్తి హత్యాయత్నం ఆరోపణను కొట్టివేసింది. ఏమీ అనుకోనివాడికి చంపే ఉద్దేశం ఉండదు. అదే కారణంగా లాయరు మూడు నెలలుగా కట్టుకొచ్చిన రక్షణ కూడా కూలింది. ఏమీ అనుకోనివాడు ప్రాణభయంతో వేరే గతి లేదని తేల్చుకోనూ లేడు. మిగిలింది నిర్లక్ష్యంగా బండి నడిపి గాయపరచడం. దానికి లైసెన్సు పోతుంది, కొన్ని నెలల శిక్ష పడవచ్చు. కండక్టరు వాంగ్మూలం విడిగా రాయించి సంతకం తీసుకోవాలని, దాన్ని పోలీసులకు పంపాలని ఉత్తర్వు అయింది.

పక్క గదిలో గుమాస్తా టైపు చేసిన కాగితం ఆమె ముందు పెట్టాడు. లాయరు కూడా వచ్చి నిలబడ్డాడు. ఎవరి తరఫున వచ్చాడో అతనికే స్పష్టంగా లేదు. ఆమె టికెట్ల లెక్క సరిచూసే పద్ధతిలో, ప్రతి వరుస కింద వేలు పెట్టుకుని చదివింది. మూడో పేరాలో వేలు ఆగింది.

"'గందరగోళంలో పొరపాటున గంట కొట్టితిని' అని రాశారు. నేనలా అనలేదండీ."

"పొరపాటే కదమ్మా," అన్నాడు గుమాస్తా. "మీకు మంచిదనే రాశాను."

"పెట్టండి సంతకం," అన్నాడు లాయరు గొంతు తగ్గించి. "పొరపాటంటే తేలిగ్గా పోతుంది."

"చెయ్యి జారి తాడు తగల్లేదండీ. కడ్డీ చూశాను. తలుపు బందులోంచి ఊడొస్తోంది. ఆ పిల్ల కడుపు మీద చేతులు పెట్టుకుని ఉంది. ముందుకెళ్లి చూడలేదని తెలుసు. చూస్తూ కూర్చుంటే వాడు లోపలికొస్తాడని తేల్చుకునే కొట్టాను. బతికినన్నాళ్లూ ఆ కాలు నా మెడకు చుట్టుకుని ఉంటుంది గాని, పొరపాటు మాత్రం కాదు."

లాయరు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమెను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"భయపడ్డారు, వేరే గతి లేదనుకున్నారు, తేల్చుకునే చేశారు," అన్నాడు వేళ్లు మడుస్తూ. "మూడు నెలలనుంచీ ఆ భయం కోసం వెతుకుతున్నానమ్మా. వేరే మనిషిలో వెతికాను." గుమాస్తా వైపు తిరిగి, "ఆ మాట కొట్టేయండి. ఆవిడ చెప్పినట్టే, ఒక్క ముక్క వదలకుండా రాయండి," అన్నాడు.

"అది నన్ను విడిపిస్తుందా?" అని ఆమె అడిగింది.

"చెప్పలేను. విడిపించకపోవచ్చు. తొమ్మిది అడుగుల గురించి వాళ్లు రోజంతా అడుగుతారు."

"అడగనివ్వండి."

గుమాస్తా స్కేలు పెట్టి ఆ వాక్యాన్ని కొట్టేసి, పైన ఇరుకులో చేత్తో రాయసాగాడు. ఆమె కలం మూత తీసి పట్టుకుని, అతను రాసే ఒక్కొక్క మాటనూ తలకిందులుగా చదువుతూ నిలబడింది.